పాత టేకు గుమ్మాలకు కొత్త పాలిష్: ఎంత గీకాలి, ఎక్కడ ఆపాలి

పాత ఇల్లు బాగు చేయించేటప్పుడు పైకప్పు, వైరింగు, బాత్రూములు అన్నీ ముందే లెక్కలోకి వస్తాయి. ద్వారబంధాలు, తలుపులు, కిటికీ రెక్కలు, మండువా చుట్టూ ఉన్న స్తంభాల సంగతి మాత్రం చివర్లో, ఇంట్లో పెళ్లి పది రోజులుందనగా గుర్తొస్తుంది. అప్పుడు మేస్త్రీని పిలిచి "అంతా గీకేసి పాలిష్ కొట్టెయ్యండి" అని ఒక్క మాట చెప్పేస్తాం. ఆ ఒక్క మాటలో చాలా నిర్ణయాలు కలిసిపోయి ఉన్నాయి. ఇప్పుడు చెక్క మీద ఉన్న పూత ఏమిటి? దాన్ని అసలు తీయాలా? తీస్తే ఎలా తీయాలి? తీశాక ఏం వేయాలి? ఈ ప్రశ్నలకు ఒకే ఇంట్లో గుమ్మానికో సమాధానం ఉంటుంది. వీధి తలుపు సంగతి వేరు, పడగ్గది తలుపు సంగతి వేరు, గడప సంగతి పూర్తిగా వేరు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. పాత చెక్క మీద ఎంత తక్కువ గీకితే అంత మంచిది.

కోస్తా జిల్లాల్లో వందేళ్ల కిందటి పెద్ద ఇళ్లకు టేకు వచ్చిన దారుల్లో రెండు ముఖ్యమైనవి. భద్రాచలం ఎగువ అడవుల్లో కొట్టిన దుంగలు గోదావరి మీద తేలుతూ రాజమండ్రి చేరేవి. బర్మా టేకు సముద్రం మీద ఓడల్లో వచ్చేది. రెండూ అడవిలో నిదానంగా పెరిగి ముదిరిన మానుల కలపే. అందుకే ఆ చెక్కలో చేవ, అంటే మాను నడిమి ముదురు చెక్క, ఎక్కువ. టేకును చెదలు అంత త్వరగా ముట్టకపోవడానికి కారణం ఆ చేవలో ఉండే నూనె, టెక్టోక్వినోన్ లాంటి పదార్థాలు. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కకు ఈ రక్షణ లేదు. ఈ రోజు తోటల్లో చిన్న వయసులోనే కొట్టేసిన టేకులో తెల్ల చెక్క పాలు ఎక్కువగా ఉంటుంది. కాబట్టి పాత ద్వారబంధం మీంచి మెషీన్‌తో రెండు మిల్లీమీటర్లు రాల్చేస్తే, అలాంటి చెక్క మళ్లీ కొందామన్నా సులభంగా దొరకదు. పైగా పైకమ్మి మీద చెక్కిన లతలు, పద్మాలు, చిలకల లోతు చాలాచోట్ల కొన్ని మిల్లీమీటర్లే. కరెంటు శాండర్ ఒక్క గంట ఆడితే ఆ చిలక ముక్కు, రేకుల అంచులు మొద్దుబారిపోతాయి.

అయితే ఇంట్లో ఉన్న చెక్కంతా టేకే అనుకోకూడదు. చాలా ఇళ్లలో సింహద్వారానికి, హాలుకు టేకు వాడి, వెనక గదులకు వేప, మద్ది, తుమ్మ వాడేవారు. అలాంటివాటికి మొదటి రోజు నుంచే రంగు వేసి ఉండొచ్చు, కింద అతుకులు, లప్పం దాగి ఉండొచ్చు. రంగంతా తీశాక అది చూసి మళ్లీ రంగే వేయించుకునేవాళ్లున్నారు. అందుకని తలుపు వెనక, మడతబందు పక్కన, కంటికి కనపడని చోట అరచేయంత మేర మాత్రం పూత తీసి చూడండి. బంగారు రంగు, చేతికి కాస్త జిడ్డుగా తగలడం, తోలు వాసనకు దగ్గరగా ఉండే ఒక ప్రత్యేకమైన వాసన కనపడితే అది టేకే. లేకపోతే ఆ గుమ్మానికి రంగే సరైనది, అందులో చిన్నతనమేమీ లేదు.

ముందు కడగండి, తర్వాత పరీక్షించండి

నల్లబడిన తలుపు చూడగానే పాలిష్ పోయిందనుకుంటాం. కట్టెల పొయ్యి పొగ, దీపాల మసి, తరాల చేతి జిడ్డు కలిసి పేరుకున్న పొర అది అయ్యుండొచ్చు. టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, తర్వాత రెండు చుక్కల షాంపూ కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడిస్తే కొన్ని తలుపులకు ఇంకేమీ చేయక్కర్లేదని తెలుస్తుంది. మెరుపు కోసమని ఎవరైనా ఏళ్ల తరబడి కొబ్బరి నూనో ఆముదమో రాసి ఉంటే అదీ ఈ టర్పెంటైన్‌తోనే పోతుంది. ఆ నూనెలు గాలికి ఎండవు. దుమ్ము పట్టి జిగురుగా మిగిలిపోతాయి, వాటి మీద కొత్త పూత ఏదీ నిలవదు.

శుభ్రం చేశాక పరీక్ష. పాలిష్ పనివాళ్లు వాడే స్పిరిట్‌లో దూది ముంచి ఒక మూల అర నిమిషం అద్ది ఉంచండి. పూత జిగటగా మారి దూదికి గోధుమ రంగు అంటితే అది లక్క పాలిష్. ఏమీ కాకపోతే ఇంకోచోట ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో అలాగే చేయండి. కరిగితే అది ఆ థిన్నర్‌తో కలిపి వేసే లాకర్ అనే పూత. రెండింటికీ కరగకపోతే ఆయిల్ వార్నిష్, మెలమైన్, పీయూ (పాలీయురెథేన్) వీటిలో ఏదో ఒకటి. వరుస మార్చకండి. థిన్నర్ లక్కను కూడా మెత్తబరుస్తుంది కాబట్టి ముందు అదే వాడితే ఏదేమిటో తేలదు. దగ్గర్లో దీపం, స్టవ్ లేకుండా చూసుకోవాలి.

లక్క అని తేలితే మీ పని చాలావరకు తేలికైనట్టే. లక్క పురుగులు చెట్ల కొమ్మల మీద కట్టే జిగురును శుద్ధి చేసి రేకులుగా అమ్ముతారు, ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువ పండేది మన దేశంలోనే. లక్క గొప్పతనం ఏమిటంటే, ఎన్నేళ్లయినా స్పిరిట్ తగిలితే మళ్లీ కరుగుతుంది. అంటే పాత పూతను తీయకుండానే బాగు చేయొచ్చు. లీటరు స్పిరిట్‌కు 200 నుంచి 250 గ్రాముల లక్క రేకులు వేసి రాత్రంతా నాననిచ్చి, వడకట్టి, దూదిని నూలు గుడ్డలో మూటలా కట్టి దానితో పలచగా పూతలు వేస్తే కొత్త లక్క పాతదానిలో కలిసిపోతుంది. చెక్క రంగులో దశాబ్దాలుగా వచ్చిన ముదురుదనం అలాగే ఉంటుంది. కలిపిన లక్క నెలల తరబడి నిల్వ ఉంటే సరిగా ఆరదు కాబట్టి కావలసినంతే కలుపుకోవాలి. ఇలాంటి తలుపును గీకించి పీయూ కొట్టిస్తే డబ్బులు ఖర్చు పెట్టి మరీ మంచిదాన్ని పోగొట్టుకున్నట్టే.

పసుపు రంగు గడప, పచ్చ రంగు కిటికీ

ఈ భాగం మిగతావాటికన్నా నెమ్మదిగా చదవమని అడుగుతున్నాను, ఎందుకంటే ఇక్కడ ప్రమాదం చెక్కకు కాదు, పిల్లలకు.

మన ఇళ్లలో గడపకు పసుపు రంగు ఎనామిల్ పెయింట్ వేసి, ఎర్ర బొట్లు పెట్టడం మామూలే. పాత కిటికీలు చాలావరకు ఆకుపచ్చ. పాతకాలం పెయింట్లలో క్రోమ్ ఎల్లో అనే పసుపు రంగంటే లెడ్ క్రోమేట్, అంటే సీసం ఉన్న పదార్థం. అదే పసుపును నీలంతో కలిపి చేసిన ఆకుపచ్చలోనూ సీసం ఉండేది. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబర్ నుంచి అమలైంది. అమెరికాలో ఇళ్ల పెయింట్లలో సీసాన్ని 1978లోనే నిషేధించారు. న్యూజెర్సీలోనో మరెక్కడో పాత ఇల్లు కొన్న మనవాళ్లకు ఆ సంవత్సరం బాగా తెలుసు, ఇల్లు అమ్మేటప్పుడు ఆ విషయం కాగితం మీద రాసిస్తారు. ఇక్కడ అలాంటి కాగితం ఎవరూ ఇవ్వరు. కాబట్టి 2017కు ముందు వేసిన పెయింట్ ఏదైనా, అందులోనూ పసుపు, ఎరుపు, ఆకుపచ్చ అయితే, సీసం ఉందనే అనుకుని పని చేయాలి.

చెక్కకు అంటి ఉన్నంతసేపు ఆ పెయింట్‌తో పెద్ద ఇబ్బంది లేదు. పొడి ఎమరీ పేపర్‌తో రుద్దినప్పుడు, శాండర్ పెట్టినప్పుడు అది ఇల్లంతా సన్నటి దుమ్మై పరుచుకుంటుంది. పాకే పిల్లల చేతుల మీదుగా నోట్లోకి పోతుంది. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది, ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పగలిగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. బ్లో ల్యాంప్‌తో కాల్చి తీయడం ఇంకా ప్రమాదం, ఆ మంట వేడికి సీసం పొగగా లేస్తుంది.

అలాగని భయపడి వదిలేయాల్సిన పని కాదు. నీళ్లు చిలకరిస్తూ తడి మీదే గీకాలి, తడి మీదే రుద్దాలి. కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరచి, రాలిన పెచ్చులను దానిలోనే చుట్టి తీసేయాలి. చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతో రెండుసార్లు తుడవాలి. పనివాళ్లకు కనీసం ఎన్95 మాస్కులు ఇవ్వండి, ఆ బట్టలు విడిగా ఉతకమని చెప్పండి. దుమ్ము ముందుగా చేరేది వాళ్ల ఊపిరితిత్తుల్లోకి, వాళ్ల ఇళ్లలోని పిల్లల దగ్గరికి. గర్భిణులు, చిన్నపిల్లలు పని అయిపోయేదాకా వేరేచోట ఉంటే మంచిది. ఇంకో దారి కూడా ఉంది, చాలామంది దాన్ని తీసిపారేస్తారు గానీ: పాత పెయింట్ గట్టిగా అంటుకుని ఉంటే, తడిగా కొద్దిగా రుద్ది దాని మీదే కొత్త పెయింట్ వేయడం. బయటి కిటికీలకు నేను ఇదే చేయమంటాను. ఎండకు చెక్క నారను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం విరిగి పైపొర బూడిద రంగులోకి మారి పొడి రాలుతుంది. ఆ ఎండను పారదర్శకమైన ఏ పాలిష్ కన్నా రంగు పెయింటే బాగా ఆపుతుంది.

తీయక తప్పకపోతే

పెయింట్ పొరలు పొరలుగా లేచిపోతున్నప్పుడు, కింద మంచి టేకు ఉందని తేలినప్పుడు తీయాల్సిందే. మన పెయింటర్లు ఎక్కువగా వాడేది కాస్టిక్ సోడా, ఎందుకంటే చవక, త్వరగా పని చేస్తుంది. టేకుకు అది పడదు. క్షారం తగలగానే టేకు నల్లబడుతుంది, నార లేచి గరుకవుతుంది. చెక్క గీతల్లో మిగిలిపోయిన క్షారం కొత్త పాలిష్‌ను ఆరు నెలల తర్వాతైనా లోపలి నుంచి ఎత్తేస్తుంది. ఇప్పటికే ఎవరైనా వాడేసి ఉంటే బాగా కడిగి, నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి, మళ్లీ కడిగి, పూర్తిగా ఎండేదాకా ఆగాలి.

డబ్బాల్లో దొరికే పెయింట్ రిమూవర్లలో చాలావాటికి బలం మిథిలీన్ క్లోరైడ్ వల్ల వస్తుంది. దాని ఆవిరి పీల్చినప్పుడు కొంత భాగం శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గాలి ఆడని గదుల్లో దీనితో ప్రాణాలే పోయాయి. అమెరికా 2019లో దీన్ని ఇంటి వాడకం రిమూవర్లలో నిషేధించింది. మామూలు మాస్క్ ఈ ఆవిరిని ఆపదు. తలుపు బందులు విప్పి పెరట్లోకి తీసుకెళ్లే వీలుంటే సరి, గోడలో ఉన్న ద్వారబంధానికి గదిలో కూర్చుని ఇది వాడొద్దు. బెంజైల్ ఆల్కహాల్‌తో చేసిన జెల్ రకాలు గంటల సమయం తీసుకుంటాయి గానీ వాటితో ఈ ముప్పు లేదు.

హీట్ గన్ కూడా పనికొస్తుంది. తక్కువ వేడి మీద పెయింట్ మెత్తబడి బుడగలు రాగానే స్క్రేపర్‌తో ఎత్తేయాలి, పొగ వచ్చేదాకా పట్టుకోకూడదు. అద్దాలున్న చోట వాడితే అద్దం పగులుతుంది. చెక్కడాల్లో మిగిలిన రంగును వెదురు పుల్లతో, పాత టూత్ బ్రష్‌తో, మెత్తటి ఇత్తడి బ్రష్‌తో తీయాలి. ఓపిక కావాలి. చదరపు అడుగు లెక్కన కాంట్రాక్టు మాట్లాడుకుంటే ఆ ఓపికకు డబ్బు దొరకదు, మేస్త్రీ శాండర్ తీయడంలో అతని తప్పు లేదు. చెక్కడం ఉన్న గుమ్మాలకు మాత్రం రోజు కూలీ మాట్లాడుకోండి.

పూత పోయాక రుద్దడం చేత్తోనే, చెక్క నార వెంబడే సాగాలి. అడ్డంగా రుద్దిన గీతలు పాలిష్ పడ్డాకే బయటపడతాయి. 120 నంబర్ ఎమరీ పేపర్‌తో మొదలుపెట్టి 180, తర్వాత 220 చాలు. మరీ గరుకుగా ఉన్న చోటే 80.

మేకుల చుట్టూ కనపడే నల్ల మచ్చలు కుళ్లు కాదు. ఇనుము, చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం తేమలో కలిసి చేసిన సిరా లాంటిది. దాన్ని గీకుతూ పోతే గుంట పడుతుంది గానీ మచ్చ పోదు. గోరువెచ్చని నీళ్లలో కరిగించిన ఆక్జాలిక్ యాసిడ్ పూస్తే తగ్గుతుంది. అది విషం, చేతికి గ్లవుజులు ఉండాలి, బాగా కడిగి ఆరాకే ఎమరీ పేపర్ ముట్టుకోవాలి. మేకు కొత్తగా కొట్టాల్సి వస్తే ఇత్తడి స్క్రూ వాడండి.

కన్నాలు పూడ్చడానికి చెక్క పొట్టు, జిగురు కలిపి పెట్టడం అలవాటు. జిగురు పాకిన చోట పాలిష్ పీల్చదు, పాలిపోయిన మరకగా మిగులుతుంది. సుద్ద, అవిసె నూనె కలిపిన లప్పంలో కావి, పసుపు మట్టి రంగు పొడులు చెక్క రంగుకు తగ్గట్టు కలిపి, మొదటి పూత పడ్డాక పెట్టడం మేలు. ద్వారబంధం కాళ్లు తేమకు పుచ్చితే మొత్తం పీకించకండి. పీకితే సున్నపు గోడ కూడా దెబ్బతింటుంది. గట్టి చెక్క తగిలేదాకా కోసి, పడగొట్టిన ఇళ్ల నుంచి వచ్చిన పాత టేకు ముక్కను ఏటవాలు అతుకుతో కలిపితే మంచి వడ్రంగి చేతిలో ఆ అతుకు వెతికితేనే కనపడుతుంది. ఆ కాలికి సిమెంటు తగలకుండా చూడాలి. పాత నేల మీదే టైల్స్ పరచి ఎత్తు పెంచడం వల్ల పుచ్చిన ద్వారబంధాలు చాలా ఉన్నాయి.

రంగు విషయంలో తొందర వద్దు

కొత్తగా రుద్దిన టేకు చూడగానే నిరాశ కలిగిస్తుంది. పాలిపోయి, చారలు చారలుగా, అతుకులన్నీ తెలిసిపోతూ ఉంటుంది. దాన్ని కప్పేయడానికి మేస్త్రీలు వాల్‌నట్ స్టెయిన్ పూసేస్తారు. వెలుతురు తగిలే చోట రెండు మూడు వారాలు వదిలేస్తే టేకు తనంతట తానే ముదిరి, చారలు చాలావరకు కలిసిపోతాయి. ఈ రోజు రంగు సరిపోల్చి స్టెయిన్ వేసిన అతుకు ముక్క, చుట్టూ చెక్క ముదిరాక వేరుగా కనపడుతుంది. పెళ్లి పది రోజులుందనగా ఈ పని మొదలుపెట్టొద్దనడానికి ఇదే నాకున్న పెద్ద కారణం.

ఇక ఏ పూత? లోపలి తలుపులకు నా ఓటు లక్కకే. నీటి బొట్టు పడితే తెల్ల మచ్చ వస్తుంది నిజమే, కానీ స్పిరిట్ గుడ్డతో అరగంటలో సరిచేయొచ్చు. మెలమైన్ గట్టిది, లోపలికే పనికొస్తుంది, ఆరేటప్పుడు ఫార్మల్డిహైడ్ ఘాటు ఉంటుంది, ఒకచోట గీత పడితే అక్కడికక్కడ బాగు చేయడం కష్టం. పీయూ అన్నిటికన్నా దృఢం. రెండు డబ్బాలు కలిపి స్ప్రే చేసే రకంలో ఐసోసయనేట్లనే ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి, వాటికి తగిన మాస్క్ లేకుండా స్ప్రే చేయించకండి. పడమటి ఎండ నేరుగా పడే వీధి తలుపు మీద పీయూ అయినా కొన్నేళ్లకు పెచ్చులూడుతుంది, అప్పుడు మళ్లీ మొత్తం తీయాల్సిందే. అందుకే అలాంటి తలుపుకు నూనె పూతే నయం. అది పెచ్చులూడదు, వెలిసిపోతుందంతే, తుడిచి మళ్లీ రాసుకోవచ్చు.

ఏది వేసినా టేకులోని సహజమైన నూనె అడ్డుపడొచ్చు. దాని వల్ల ఆయిల్ వార్నిష్ రోజుల తరబడి ఆరకుండా జిగటగా ఉండిపోతుంది. మొదటి పూతకు కాస్త ముందు థిన్నర్ గుడ్డతో తుడిస్తే పైకి వచ్చిన నూనె పోతుంది. లోపలి చెక్కకైతే మైనం తీసిన లక్క ఒక పూత వేసి, దాని మీద కావలసింది వేసుకోవచ్చు. మైనం ఉన్న మామూలు లక్క మీద పీయూ నిలవదు.

గడపకు మాత్రం పొరలా నిలిచే పూత ఏదీ వద్దంటాను. వారం వారం కడిగి పసుపు రాసే చోటు అది. నీళ్లు, కాళ్ల రాపిడి కలిసి ఏ పాలిష్‌నైనా అంచుల నుంచి లేపేస్తాయి, ఆ సందుల్లో తడి చేరి చెక్క పుచ్చుతుంది. పైన ఇత్తడి రేకు వేసినా అంతే, రేకు కింద చేరిన నీరు బయటికి పోదు. వేడి చేసి శుద్ధి చేసిన అవిసె నూనె, హార్డ్‌వేర్ షాపుల్లో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని అమ్మేది, కొద్దిగా టర్పెంటైన్ కలిపి పలచగా రాసి, పావుగంట తర్వాత మిగిలినదంతా తుడిచేయాలి. ఒకటి రెండు రోజుల తేడాతో మూడుసార్లు. పూర్తిగా ఆరాక పసుపు రాసుకోవచ్చు. పసుపు చెక్కలోకి దిగుతుంది, దిగనివ్వండి. ఎండకు అది వెలుస్తుంది, మరీ మరకలైతే స్పిరిట్ గుడ్డకు వస్తుంది. సబ్బు నీళ్లు మాత్రం పోయకండి, క్షారానికి పసుపు ఎర్రబడుతుంది.

ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో చిక్కుకున్న వేడికి గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. విడదీసి ఆరుబయట పరిచి ఆరనివ్వాలి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచాలి. చుట్టూ థిన్నర్, స్పిరిట్ డబ్బాలు ఉండే పని ఇది.

సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు ఉండే వారాలు ఈ పనికి అనువైనవి. వానాకాలం తేమలో లక్క వేస్తే, స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు చల్లబడిన పూత మీద తేమ చేరి తెల్లటి పొగమంచులా పట్టేస్తుంది. నడివేసవిలో పైపొర మరీ త్వరగా ఆరి బుడగలు మిగులుతాయి. వానల్లో బిగుసుకుపోయే తలుపుకు అప్పుడే చిత్రిక పట్టించకండి, ఎండాకాలం సందు పడుతుంది. ఎక్కడ పట్టేస్తోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఎండాక ఎంత అవసరమో అంతే తీయించాలి. తలుపు బిగించేముందు దాన్ని పడుకోబెట్టి పై అంచు, కింది అంచు చూడండి. చాలావాటికి అక్కడ ఏ పూతా ఉండదు, తేమ ఎక్కువగా పీల్చేది నిలువు చెక్కల కోసిన కొనలు తేలిన ఆ అంచులే. మిగతా తలుపుకు రెండు పూతలు వేస్తే, అక్కడ నాలుగు వేయించండి.